జీతం లేని సెలవు, మేకుకు తగిలించిన చపాతీ కర్ర

వంట ఎలా చేయాలో చెప్పడానికి ఇప్పుడు ఫోన్ నిండా మనుషులున్నారు. వంటగదిలో పనిచేసే మనిషికి సెలవు ఎలా ఇవ్వాలో చెప్పేవాళ్ళు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకని ఇది చెబుతున్నాను. హాస్టల్ మెస్సుకు కొత్తగా ఇన్‌చార్జిగా చేరేవాళ్ళు వినండి. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యమధ్య "అమ్మా, ఈ మాట బాగాలేదే" అంటోంది. బాగాలేకపోతే బాగాలేనట్టే ఉండనివ్వమన్నాను.

ఇన్‌చార్జి పని అంటే ఉప్పూ కారం చూడటం అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని చేరాను. ఉప్పు ఎక్కువైతే నాలుగు ఆలుగడ్డలు వేస్తే సరిపోతుంది. మనిషి రేపటి నుంచి రానంటే దానికి ఏం వేస్తారు? నా ఉద్యోగమంతా అక్కడే ఉండేది.

మా వంటగది

అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ మాది. పిల్లలంతా తెలంగాణ ఊళ్ళ నుంచి సర్కారు పరీక్షలు రాయడానికి వచ్చినవాళ్ళు. పొద్దున్నే టిఫిన్ తిని కొందరు కోచింగ్‌కూ, కొందరు చిక్కడపల్లి లైబ్రరీకీ పోయేవాళ్ళు. సాయంత్రం వచ్చేసరికి చపాతీల వాసన మెట్ల దాకా రావాలి. రాకపోతే పైనుంచి కేకలే. "ఆంటీ, ఇయ్యాల గూడ ఉప్మానేనా?"

నేను చిక్కడపల్లి బస్తీ నుంచి నడిచి వచ్చేదాన్ని. దారిలో నారాయణగూడ మార్కెట్టు. కూరగాయల బేరం నాదే. కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ ఆ పొద్దుటి బేరాలు గుర్తుకొస్తాయి. కూరగాయలమ్మే ఆమె నన్ను దూరం నుంచి చూసి "వచ్చె పెద్ద మేడం, ఇగ నా బోణి అయినట్టే" అనేది. అనేది కానీ తగ్గించేది.

హాస్టల్ నడిపేది నర్సింహ సారు. ఆయన కథ వింత. ఇదే వీధిలో ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి, ఉద్యోగం రాక, తానున్న హాస్టల్‌నే కిరాయికి తీసుకుని నడిపాడు. మాట గట్టిది, మనిషి మెత్తన. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పిల్ల ఊరికి పోతూ మంచం మీద పెట్టె పెట్టి పోతే, ఆ మంచం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నోటిఫికేషన్ పడ్డ రోజుల్లో కొత్త పిల్లలు బ్యాగులతో వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. "ఒక్క మంచం సారూ" అని బతిమాలేవాళ్ళు. "మంచం మీద పెట్టె ఉన్నదమ్మా. ఆ పిల్ల వస్తది" అనేవాడు. ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుంది అని అడిగేవాడు కాదు. నెల కిరాయి వస్తే చాలు.

కింద వంటగదిలో మాకు మాత్రం అట్లాంటి పెట్టె లేదు.

కౌసల్యమ్మ

నాకు ముందు ఇన్‌చార్జి కౌసల్యమ్మ. పొట్టి మనిషి, గొంతు మాత్రం కాచిగూడ స్టేషన్ దాకా వినబడేది. మా వంటగదిలో చపాతీలు చేసే ప్రతి మనిషికీ తన సొంత కర్ర ఉండేది. ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్ళం. చేతికి అలవాటైన కర్రతో కాకపోతే చపాతీ గుండ్రంగా రాదు. కొసకు తాడు కట్టి పొయ్యి పక్క గోడకు మేకుకు తగిలించేవాళ్ళం. ఎవరి మేకు వాళ్ళది. ఎవరి మేకు ఎక్కడుంటే వాళ్ళ చోటు అక్కడ.

మా ఆయన కాచిగూడలో హమాలీ. ఆయనకు జబ్బు చేసి దవాఖానాలో పడినప్పుడు నేను కౌసల్యమ్మకు సరిగ్గా చెప్పకుండానే పోయాను. తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ఆయన నాతో రాలేదు. అన్ని కార్యాలూ అయ్యాక, నా కర్రన్నా తెచ్చుకుందామని వచ్చాను. చోటు ఉంటుందని రాలేదు. చూస్తే నా మేకుకు నా కర్ర అట్లాగే ఉంది. పగలకుండా దానికి నూనె కూడా రాసి ఉంది.

కౌసల్యమ్మ ఓదార్చలేదు. బొట్టులేని నా ముఖాన్ని ఒక్కసారి చూసి, "ఏందే, ఆడనే నిలబడ్డవు? పిండి ఎండుతున్నది" అంది. అంతే. ఆ రోజు నేను చేసిన చపాతీలు నాకు కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. అయినా చేశాను. నేను లేని రోజులన్నీ తన పనితో పాటు నా పని కూడా ఆమే చేసిందని తర్వాత ఇతరులు చెబితే తెలిసింది.

ఇది మంచి కథ. కానీ ఒక మాట చెబుతాను వినండి. అది కౌసల్యమ్మ మనసు. ఆమె పని మానేసి పోయాక ఆ మనసు కూడా ఆమెతోనే పోయింది. నేనొక్కదాన్ని ఎవరి చోటన్నా ఉంచాలనుకున్నా అది నా ఇష్టం కిందే లెక్క. ఒకరి మీద ఇష్టం ఉంటుంది, ఒకరి మీద ఉండదు. సెలవు అట్లా నడవకూడదు. అందుకే దాన్ని రాసి పెట్టుకోవాలి.

బదులు మనిషి

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఊరికి పోయే మనిషి తనకు బదులుగా ఇంకో మనిషిని పెట్టి పోవాలి. బయటి మనిషిని పెడితే చోటు పోతుందని భయం. అందుకని సొంత మనిషినే పెట్టేవాళ్ళు. చెల్లెలినో, మరదలినో, తోడికోడలినో. చోటు ఇంట్లోనే ఉంటుందని ధైర్యం. పాలమూరు నుంచి వచ్చి బస్తీల్లో ఉండేవాళ్ళంతా ఇదే చేసేవాళ్ళు. ఇది మంచి పద్ధతని నేనూ నమ్మాను.

నేను ఇన్‌చార్జి అయ్యాక, చపాతీలు చేసే అంజమ్మ ఒక సాయంత్రం పిండి పిసుకుతూ చెప్పింది.

"అక్కా, నేను ఊరికి పోతున్న. మా లక్ష్మిని పెట్టి పోత."

"ఎన్నొద్దులు?"

"తెల్వది."

"ఏం పనే?"

"సొంత పని."

తల ఎత్తలేదు. నేను మళ్ళీ అడగలేదు. కానీ సారుకు చెప్పాలి కదా. పిలిపించాడు.

"సొంత పని అంటే ఏందమ్మా? పెండ్లా, చావా, దవాఖానా?"

"అవేం గావు సారూ."

"మరి?"

"చెప్పేటిది గాదు సారూ."

సారుకు కోపం వచ్చింది. అప్పుడే నారాయణగూడలో ఇంకో హాస్టల్ తెరిచాడు, రెండు చోట్లా మనుషులు చాలక పరేషాన్‌లో ఉన్నాడు. "నీ ఇష్టం. వచ్చినంక చోటు ఉంటె ఉంటది, లేకుంటె లేదు" అన్నాడు. అంజమ్మ చేతులు కడుక్కుంది. కర్ర మేకుకు తగిలించింది. దాన్ని ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

లక్ష్మి అంజమ్మకు తోడికోడలు. అన్నదమ్ముల రెండు కాపురాలూ బస్తీలో ఒకటే రూములో ఉండేవి. లక్ష్మి చపాతీలు చేస్తే ఒక్కొక్కటీ బూరెలా పొంగేది. నిజం చెప్పాలి, అంజమ్మ చపాతీలు మందం. పిల్లలు ఊరుకుంటారా? "ఆంటీ, ఎవరీ కొత్తామె? ఈమెనే ఉంచుండ్రి" అని పళ్ళేలు పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చారు. ఆ మాట సారు చెవిన పడింది.

"బాలమణక్కా, లక్ష్మినే ఉంచుదాం. అంజమ్మ వస్తే ఏదన్న పనుంటె సూద్దాం."

అప్పుడు నాకు మా పద్ధతిలోని తప్పు కనబడింది. చోటు ఇంట్లోనే ఉంటుంది, నిజమే. కానీ ఇల్లు ఉంటుందా? ఒకటే రూము, ఒకటే పొయ్యి. రోజూ పొద్దున లక్ష్మి టిఫిన్ డబ్బా పట్టుకుని అంజమ్మ చోటుకు పోతుంటే, అంజమ్మ గడపలో కూర్చుని చూస్తూ ఉండాలి. చోటు నిలుపుకోవడానికి సొంత మనిషిని తెస్తాం. చోటు పోతే ఆ మనిషి కూడా పోతుంది.

"ఆమె వచ్చేదాంక ఆగుండ్రి సారూ" అన్నాను.

"ఆగుడు గాదక్కా. ఒక రూల్ రాస్త. ఇగ ఎవ్వరు పోయినా రూల్ ప్రకారమే" అన్నాడు.

చిక్కుడుకాయల ముందు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక సారు కాగితం పట్టుకుని వంటగదికే వచ్చాడు. నేనూ లక్ష్మీ యాదమ్మా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. యాదమ్మ మా అందరిలో పెద్దది, కూరగాయలు కోసే ఆమె. నోట్లో మాట ఆగదు. సారు పీట వేసుకుని కూర్చుని చదివాడు. అన్నేళ్ళు పరీక్షలు రాసిన మనిషి కదా, రూలు కూడా ప్రశ్నపత్రంలాగే రాశాడు.

"ఒకటి. సెలవు కోరు ఉద్యోగి కనీసం వారం ముందు తెలియజేయవలెను."

"సారూ, కాలు ఇరిగేదున్నా వారం ముందుగాల చెప్పాల్నా?" అంది యాదమ్మ.

"నువ్వు జర ఆగు యాదమ్మా. రెండు. కారణము ఈ క్రింది వాటిలో ఒకటై ఉండవలెను. ఏ, వివాహము. బి, మరణము. సి, అనారోగ్యము."

"ఇందుల నాది లేదు" అంది మళ్ళీ యాదమ్మ.

"నీదేంది?"

"చెప్పుకోరానిది."

"అయితే డి పెడదాం. పైవేవీ కావు" అన్నాడు సారు, అని తనకే నవ్వొచ్చి కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

"అందరం డీ యే పెడ్తం సారూ. మీ పరీక్షల గూడ ఏం రాకుంటె అదే పెడ్తరంట గదా" అంది యాదమ్మ. లక్ష్మికి నవ్వాగక చిక్కుడుకాయలు ఒడిలోంచి జారాయి.

నేనన్నాను, "కారణం తీసెయ్యుండ్రి సారూ. లిస్టుల లేకుంటె మనిషి అబద్ధం ఆడుతది."

"ఎవరాడిన్రు?"

"నేనే ఆడిన" అంది యాదమ్మ, కాయ తుంచుతూ. "మా మరిదిని రెండుసార్లు సంపిన. లేకుంటె మీరు ఇడుస్తరా? మొన్న ఆ మరిదే ఈడికొచ్చిండు. మీతోనే చాయ్ తాగి పోయిండు."

సారు నోరు తెరిచి చూశాడు. "గా ఎర్రంగి ఆయనా?"

"ఆయననే."

కారణం కొట్టేశాడు. అక్కడిదాకా నవ్వులే. తర్వాతి వాక్యం చదివాక ఎవరూ నవ్వలేదు.

"మూడు. బదులు వచ్చిన మనిషి పని మెరుగ్గా ఉన్నచో ఆ మనిషినే కొనసాగించు అధికారము యాజమాన్యమునకు కలదు."

లక్ష్మి చేతులు ఆగిపోయాయి. గోడ మీద అంజమ్మ కర్ర వేలాడుతోంది. లక్ష్మి వచ్చిన రోజే దాన్ని ముట్టవద్దని చెప్పాను, తన కర్ర తాను తెచ్చుకుంది.

"దీనికి సెలవు అని పేరు పెట్టకుండ్రి సారూ" అన్నాను. "పోతే పోయినట్టే అని రాయుండ్రి. అది నిజమైతది."

"మరి నన్నేం జెయ్యమంటవక్కా? మంచిగ చేసేటామెను పంపియ్యాల్నా? పిల్లలు తినేది చపాతీలు. అంజమ్మ సొంత పనులు గాదు."

ఆయన మాటా తప్పు కాదు. హాస్టల్ నడవాలి. లక్ష్మి తల వంచుకునే మాట్లాడింది. వచ్చిన నాటి నుంచీ ఆమె సారుతో మాట్లాడటం అదే మొదలు.

"సారూ, పైన పిల్లలు మంచం మీద పెట్టె వెట్టి పోతరు. ఆ మంచం ఎవ్వరికన్న ఇస్తరా?"

"ఇయ్యను."

"ఎందుకియ్యరు?"

"కిరాయి కడుతున్నరు గదమ్మా."

"మా అక్క గూడ కడుతున్నది సారూ. ఆమె జీతం ఇడిసిపెట్టి పోయింది. అది కిరాయి గాదా?"

సారు కలం మూత పెట్టాడు, తీశాడు. లక్ష్మి ఆగలేదు. "నాకు పనొద్దని కాదు. అక్కర ఉన్నది. గని మాది ఒకటే రూము. ఆమె చోటు తిని, ఆ రూముల ఆమె పక్కన ఎట్ల పండుకోవాలె?"

అప్పుడు సారు ఒక సంగతి చెప్పాడు. తాను చదువుకునే రోజుల్లో తండ్రికి బాగాలేదని ఊరికి పోయాడట. తిరిగొచ్చేసరికి అప్పటి ఓనరు మంచం ఇంకొకరికి ఇచ్చేశాడు. పుస్తకాల పెట్టె డాబా మీద పెట్టారు. వాన పడింది.

"పుస్తకాలు మళ్ళ కొనుక్కున్న" అన్నాడు. "గని ఆ డాబా మెట్లెక్కుడు మాత్రం యాదికుంటది. ఇంకో పిల్లకు అట్ల కావొద్దనే పెట్టె ముట్టనియ్య. కింద మీ సంగతి నాకు తోచనే లేదు."

మూడో వాక్యం అడ్డంగా కొట్టేశాడు. "ఇది ఇకమీదికి రాయాల్నా, అంజమ్మ కాడికెళ్ళే మొదలుపెట్టాల్నా?" అని నన్నడిగాడు.

"ఆమె పోవట్టే గద సారూ మీరు కలం పట్టిన్రు. ఆమె కాడికెళ్ళే పెట్టుండ్రి."

గోడ మీద కాగితం

ఆ కాగితం పొయ్యి సెగ తగలని గోడకు అంటించాం. చదవలేనివాళ్ళకు నేను నోటితో చెప్పేదాన్ని. అందులో ఉన్నది కొద్దిగే. వీలైతే ముందే చెప్పాలి, వీలుకాకపోతే పోయిన రోజే ఫోన్ చేయాలి. ఎందుకని ఎవరూ అడగరు. ఉన్నన్ని రోజులూ జీతం ఉండదు. రెండు నెలల దాకా చోటు అట్లాగే ఉంటుంది. అది దాటితే కబురు పంపాలి, కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకే పనికి చెందిన ఇద్దరు ఒకేసారి పోకూడదు. బదులు మనిషిని తెచ్చుకునే భారం పోయేవాళ్ళది కాదు, హాస్టల్‌ది.

నేను పట్టుబట్టి రాయించింది ఇంకొకటుంది. బదులు మనిషిని పోయిన మనిషి చోట నిలబెట్టకూడదు. ఉన్నవాళ్ళం పక్కకు జరిగి ఆ పని అందుకోవాలి. కొత్త మనిషి ఉల్లిగడ్డలు కోయాలి, పిండి పిసకాలి, గిన్నెలు అందివ్వాలి. పోయిన మనిషి కర్ర మేకుకే ఉండాలి. ఇది చిన్న మాటగా కనబడుతుంది. నేను చూసినంతలో, చోటు మాటతో పోదు. ఇంకొక చేయి అలవాటు పడితే పోతుంది.

మీకు ఒకటి ఖచ్చితంగా చెబుతాను. ఇట్లాంటి కాగితం అంటించి మనుషుల్ని సరిగ్గా బొటాబొటిగా పెట్టుకుంటే ఆ కాగితం అబద్ధమే. ఒక మనిషి ఎక్కువ ఉండాలి. సారు ఖర్చని గొణిగాడు. చివరకు లక్ష్మినే అట్లా పెట్టాడు. అశోక్ నగర్‌లో ఎవరూ సెలవు పెట్టకపోతే నారాయణగూడలో పని, ఇక్కడ ఎవరన్నా పోతే ఇక్కడ సాయం. ఫ్లైఓవర్ కింద నుంచి ఆటోలో అటూ ఇటూ తిరిగేది. "నాకు రెండు అత్తగారిండ్లు" అని నవ్వేది. బతిమాలి సెలవు అడిగే రోజులు పోయాయంటే కాగితం వల్ల ఎంతో, లక్ష్మి వల్ల కూడా అంతే.

ఇంకొకటి. సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చేసి "పప్పు డబ్బా ఎక్కడ పెట్టినవ్" అని అడగకండి. వెతుక్కోండి. ఎక్కడికి పోతుంది, వంటగదిలోనే ఉంటుంది.

అంజమ్మ వచ్చిన సాయంత్రం

అంజమ్మకు ఇవేవీ తెలియవు. లక్ష్మి దగ్గర ఆమె ఊరి ఫోన్ నంబర్ లేదు. ఇంట్లో మగవాళ్ళకు తెలిసినా ఇవ్వలేదు.

చాయ్ వేళ. పిండి తడిపి గుడ్డ కప్పాం. వెనక గేటు చప్పుడైంది. చూస్తే అంజమ్మ. చేతిలో సంచి, ముఖం సగమైంది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చిందని చెప్పులకున్న దుమ్మే చెబుతోంది. లోపలికి రాలేదు. కిటికీలోంచి లక్ష్మి కనబడింది, పొయ్యి ముందు చాయ్ మరగబెడుతూ. అంజమ్మ చూపు అక్కడే ఆగి కిందికి దిగింది.

"అక్కా, నా కర్ర ఇయ్యరాదు. తీస్కపోత" అంది నాతో.

ఆ మాట నా మాటే. ఎన్నో ఏళ్ళ కింద అదే గేటు దగ్గర నేను నోట్లో పెట్టుకుని వచ్చిన మాట. నాకు కౌసల్యమ్మ గొంతు వినబడింది. ఎక్కడికి పోయావు, ఎట్లా ఉన్నావు, ఎందుకు చిక్కిపోయావు, అన్నీ నా నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను.

"నీ కర్ర నీ మేకుకే ఉన్నది. కాళ్ళు కడుక్కొని రా, పిండి ఎండుతున్నది."

ఆమెకు అర్థం కాలేదు. లోపలికి వచ్చి మేకు చూసింది. లక్ష్మి చాయ్ దించి, పీట పక్కకు జరుపుకుని, ఉల్లిగడ్డల గంప దగ్గరకు లాక్కుంది. కత్తిపీట వేసుకుని కూర్చుని, "అక్కా, నీ చపాతీలు మందమని పైన పిల్లలు లొల్లి జేస్తరు. ఇయ్యాలన్న జర పల్చగ ఒత్తు" అంది.

"నువ్వు ఒత్తి సూపియ్యవే, పెద్ద వచ్చినవ్" అంది అంజమ్మ. అంటూనే కర్ర అందుకుంది. యాదమ్మ చాయ్ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. ఏదీ అడగని యాదమ్మను నేను ఆ ఒక్కరోజే చూశాను.

ఆ రాత్రి చపాతీలు మందంగానే వచ్చాయి. పిల్లలు గొణిగారు. సారు ఒక చపాతీ తుంచి నోట్లో పెట్టుకుని, "మంచిగనే ఉన్నది" అని పైకి వినబడేలా అన్నాడు.

అంజమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. నా తర్వాత ఇన్‌చార్జి ఆమే. అప్పుడప్పుడు చిక్కడపల్లి వచ్చి నా దగ్గర కూర్చుంటుంది, కాళ్ళు నొక్కుతుంది, అన్నీ చెబుతుంది. ఆ సెలవులో ఎక్కడికి పోయింది, ఏం జరిగింది అన్నది మాత్రం చెప్పలేదు.

నేను అడగలేదు. అడగనని గోడ మీద రాయించింది నేనే కదా.